ఒక యూదు దంపతుల చిత్తరువులు

అన్నదమ్ములు వేరుపడునపుడు పొలమునకు హద్దులు వ్రాసికొందురు. ఇత్తడి పాత్రలను తూకమువేసి పంచుకొందురు. బావినీటికి, దొడ్డిదారికి, చింతచెట్టు కాపునకు కూడ పెద్దమనుష్యుల యెదుట ఒడంబడిక జరుగును. గోడమీది పటములకు మాత్రము ఆ పంపకపు కాగితమున చోటుండదు. బండ్లు కదలిపోయిన తరువాత మేకులకు వ్రేలాడుచు మిగులునవి అవియే. తలపాగాతో కుర్చీలో కూర్చున్న తాతగారు, ఆయన ప్రక్క బిగుసుకొని నిలిచిన నాయనమ్మ, వారి కాళ్లకడ చతికిలబడిన పిల్లలు — వీరెవరో చెప్పగల ముసలమ్మ యొకతె బ్రదికియున్నన్నాళ్లు ఆ పటమునకు ప్రాణముండును. ఆమె పోయిన మరునాటినుండి అది వట్టి అట్టముక్క.

ఇట్టి నష్టము మన యిండ్లలో నిత్యము జరుగుచునే యున్నది గనుక దానిని నష్టమని మనము గుర్తించుట లేదు. సర్వమును కోల్పోయి పటములను మాత్రము దక్కించుకొన్న ఊరి సంగతి విన్నపుడు గాని వాని విలువ మనకు తెలియదు. అట్టి ఊరొకటి కలదు. ఆ ఊరివారిని పటములకెక్కించిన యూదు దంపతుల కథయు, చెదరిపోయిన ఆ పటములను మరల ప్రోగుచేసిన వారి మనుమరాలి కథయు చదువరుల యెదుట నుంచవలెనని మా సంకల్పము. దూరదేశపు వృత్తాంతమైనను ఇందు మన యింటికి వర్తించు సంగతి గలదని పాఠకులు తుదకు ఒప్పుకొందురని మా విశ్వాసము.

లిథువేనియా దేశమున, విల్నియస్ నగరమునకు దక్షిణముగా, నేటి బెలరూస్ సరిహద్దునకు సమీపమున ఐషిష్కెస్ అను చిన్న పట్టణము గలదు. యూదులు తమ యిద్దిషు భాషలో దానిని ఐషిషోక్ అని పిలిచెడివారు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత ఆ ప్రాంతము పోలండు రాజ్యమున చేరియుండెను. సంతవీధి, ప్రార్థనామందిరములు, పాఠశాలలు, తోళ్లపరిశ్రమ, చిల్లర వర్తకము — ఇట్టివన్నియు గల సామాన్యపు పల్లెపట్టణము. అందలి జనులలో యూదులు పెద్ద సంఖ్యలో నుండిరి. రాజధానులలో జరుగు చరిత్రలో దానికి పేరులేదు. తన చరిత్రను తాను బ్రదుకుచుండెను.

ఆ యూరిలో యిత్సాక్ ఊరీ కాట్స్, ఆల్తె కాట్స్ అను దంపతులు ఒక మందుల దుకాణమును, దానితోపాటు ఒక ఛాయాచిత్రశాలను నడపిరి. ఈ రెండు వృత్తులు ఒక్కయింట కలిసియుండుట అబ్బురమేమియు గాదు. నాడు ఛాయాచిత్రకళయనగా సగము రసాయనశాస్త్రమే. వెండిలవణములను, ఆమ్లములను ఎరిగినవారి చేతికే ఆ పని సులభముగా లొంగెడిది. ఊరివారికి జ్వరము వచ్చినను వారి గుమ్మమే గతి. పెండ్లి నిశ్చయమైనను వారి గుమ్మమే గతి. అధికారపదవితో పనిలేకయే ఒక కుటుంబము ఊరి పౌరజీవనమునకు నడిబొడ్డున నిలుచుట యనగా నిట్టిదే. ఎవరింట ఎవరు పుట్టిరో, ఎవరు చదువుకొనిరో, ఎవరు ఊరువిడిచి పోవుచున్నారో వారికి ముందుగా తెలియవలసినదే గదా!

వారును, బెన్ జియోన్ ష్రెయిడర్, రెఫాయెల్ లెయిబోవిచ్ అను మరి యిద్దరు చిత్రకారులును ఆ పట్టణపు జీవనమును కనిపెట్టి పట్టుకొనిరి. పెండ్లికూతుండ్రు, బడిపిల్లల వరుసలు, ఉపాధ్యాయులు, మనుమలను ఒడిలో నుంచుకొన్న తాతలు, వనవిహారమునకు పోయిన మిత్రబృందములు, గంభీరముగా ముఖముపెట్టి నవ్వు నాపుకొనలేని పడుచువాండ్రు — ఇవి ఆ చిత్రముల విషయములు. ఇందులో లోకమునకు ఆశ్చర్యము కలిగింపవలెనని తీసినది యొక్కటియు లేదు. ఎవరి ముచ్చటకొరకు వారు తీయించుకొన్నవి.

అయితే ఆ పటములు తీయించుకొన్న వెంటనే పెట్టెలో పెట్టుటకు మాత్రమే తీయించినవి కావు. పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి ఆ ప్రాంతపు యూదులు వేలకొలదిగా అమెరికాకు వలసపోయిరి. 1924 సంవత్సరపు చట్టముతో అమెరికా తన వాకిలిని బిగించిన తరువాత మరికొందరు పాలస్తీనాకు, ఇతర దేశములకు తరలిరి. కన్నవారు ఒకచోట, బిడ్డలొకచోట. ఆ యెడబాటును తీర్చుటకు ఉత్తరముతోపాటు పటము పోవుచుండెను. నూతనసంవత్సరపు పండుగకు శుభాకాంక్షలతో ఒకటి. చెల్లెలి పెండ్లికి ఒకటి. అన్నగారు చూడని మేనల్లునికి పండ్లు వచ్చినవని తెలుపుటకు ఒకటి. పటము వెనుక నాలుగు మాటలు, క్రింద సంతకము, తేది. ఈ చిన్న యాచారమును చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాము. కథ అంతయు దీనిమీదనే యాధారపడియున్నది.

1941 జూన్ నెలలో జర్మను సేనలు సోవియట్ దేశముపై దండెత్తి ఆ ప్రాంతము నాక్రమించెను. అదే సంవత్సరము సెప్టెంబరులో, యూదుల నూతనసంవత్సరపు దినములలోనే, హంతకదళము ఐషిషోక్ చేరెను. ఊరివారిని, చుట్టుపట్టుల పల్లెలవారిని ప్రార్థనామందిరములలో నిర్బంధించిరి. సెప్టెంబరు 25, 26 తేదులలో వారిని గుంపులు గుంపులుగా నడిపించుకొని పోయి, మొదట పురుషులను, తరువాత స్త్రీలను, శిశువులను కాల్చి చంపిరి. స్థానికులలో కొందరు ఆ దళమునకు తోడ్పడిరి. పటములు తీసిన ఆల్తె కాట్స్ కూడ హతులలో నొకతె. తరతరాల ఊరు రెండు దినములలో ముగిసెను.

ఆ హత్యలకు లెక్క కలదు. ఆ ప్రాంతపు హంతకదళాధిపతియైన కార్ల్ యేగర్ 1941 డిసెంబరు 1వ తేదిన పై యధికారులకు ఒక నివేదిక పంపెను. వర్తకుడు సరకుపట్టీ వ్రాసినట్లు, తేదివారీగా, ఊరివారీగా వ్రాసిన పట్టిక యది. అందు ఐషిషోక్ పేరునకెదురుగా ఇట్లున్నది: పురుషులు 989, స్త్రీలు 1,636, పిల్లలు 821, వెరసి 3,446. కూడిక తప్పులేదు. పేరు మాత్రము ఒక్కటియు లేదు.

ఈ పట్టికను ఒక చేతను, కాట్స్ దంపతుల పటమును ఒక చేతను పట్టుకొని చూచినవారికి మేము వేరుగ చెప్పవలసినది లేదు. ఒకటి మనుష్యుని అంకెగా మార్చిన కాగితము. రెండవది ఆ అంకెలోనుండి మనుష్యుని వెలికితీయగల కాగితము. 821 అనునది సంఖ్య. బడి మెట్లమీద ముందువరుసలో కాలిజోడు ముడి విడిపోయిన పిల్లవాడు సంఖ్య గాడు. హంతకులకు ఈ సంగతి తెలియకపోలేదు. కావుననే చంపుటతో తృప్తిచెందక, ఇండ్లను దోచి, గ్రంథములను తగులబెట్టి, శ్మశానములను గూడ చెడగొట్టిరి. జాతిని నిర్మూలింపదలచినవాడు మొదట మనుష్యులను, తరువాత వారి జ్ఞాపకమును వేటాడును.

కాట్స్ దంపతుల కుమార్తె జిపోరా. ఆమె భర్త మోషే సోనెన్సన్. వీరు పిల్లలతో ఆ మారణహోమమునుండి తప్పించుకొని, వేరు చోట్లను, అడవులలోను, నేలక్రింది గుంతలలోను దాగి బ్రదికిరి. 1944 వేసవిలో ఆ ప్రాంతము జర్మనుల చేతినుండి విడివడగా స్వగ్రామమునకు తిరిగివచ్చిరి. అదే యేడు అక్టోబరులో ఆయుధధారులు వారి యింటిపైబడిన రాత్రి జిపోరాయు, ఆమె చంటిబిడ్డయు చంపబడిరి. ఆ యింట బ్రదికిన బాలికయే తరువాతి కాలమున యాఫా ఎలియాక్ అను పేర ప్రసిద్ధి కెక్కిన చరిత్రకారిణి. ఆమె 1946లో పాలస్తీనాకు, 1954లో అమెరికాకు చేరి, న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ కళాశాలలో ఆచార్యపదవి నలంకరించెను.

1978లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టరు ఈ మారణహోమమునకు తగిన స్మారకమును సూచించుటకు ఒక సంఘమును నియమించెను. ఎలీ వీజెల్ దానికి అధ్యక్షుడు; యాఫా ఎలియాక్ అందు పనిచేసినవారిలో నొకతె. 1979లో ఆ సంఘము తూర్పు ఐరోపాలోని వధ్యస్థానములను దర్శించెను. బూడిదకుప్పలు, విడిచిన పాదరక్షల రాశులు, ముండ్లకంచెలు — ఎచ్చట చూచినను మరణమే. మనవారు ఎట్లు చచ్చిరో లోకము చూచుచున్నది. ఎట్లు బ్రదికిరో చూపువారెవరు? అను ప్రశ్న ఆమెకు ఆ యాత్రలో తట్టెను. తన యూరి జీవనమునకే స్మారకము కట్టవలెనని ఆమె అప్పుడు నిశ్చయించుకొనెను.

స్మారకమునకు ఇటుకలు కావలెను. ఆమెకు తోచిన యిటుకలు పటములే. ఊరిలో చిత్రశాల లేదు, తీసినవారు లేరు, తీయించుకొన్నవారు లేరు, గోడలకు తగిలించుకొన్న పటములు దోపిడిలో పోయినవి. కుటుంబముచెంత మిగిలిన కొద్దిపాటి చిత్రములతో ఆమె పని ప్రారంభించెను. ఐషిషోక్ నుండి వలసపోయినవారు, ప్రాణములతో బయటపడినవారు, వారి బిడ్డలు ఏయే దేశములలో నున్నారో వెదకి, వారి యింటితలుపులు తట్టెను. అమెరికాలోను, ఇజ్రాయెలులోను, ఇతర ఖండములలోను పెట్టెలడుగున పడియున్న పటములు ఒక్కొక్కటియే వెలికివచ్చినవి. ఏండ్లతరబడి సాగిన ఈ కృషిఫలముగా సుమారు 6,000 ఛాయాచిత్రములు సమకూడినవి. అవి 1890 మొదలు 1941 వరకు, అనగా ఒక అర్ధశతాబ్దికాలము, ఆ యొక్క పట్టణపు ముఖములు.

1993 ఏప్రిలులో వాషింగ్టను నగరమున మారణహోమ స్మారక ప్రదర్శనశాల తెరువబడినపుడు ఆ పటములలో సుమారు వేయింటితో కూర్చిన ఒక గోపురము అందు భాగమయ్యెను. ముఖముల గోపురమని దానికి పేరు. మూడంతస్తుల యెత్తున నాలుగు ప్రక్కల గోడలనిండ చిత్రములే. దర్శకులు దానినడుమ వంతెనమీదుగా నడచిపోవలెను. తలయెత్తినను ముఖములు కనబడును, క్రిందికి చూచినను ముఖములే. పైవి కంటికందవు, క్రిందివి చేతికందవు. ఆ దారిని దర్శకుడు ఒకమారు కాక, వేర్వేరు అంతస్తులలో రెండుమారులు నడచును. మొదటిమారు నడచునపుడు అది ఒక సంతోషించిన ఊరు. రెండవమారు నడచుసరికి ఆ ఊరికేమైనదో అతనికి తెలిసియుండును. చిత్రములు మారలేదు, చూచువాడు మారియుండును. యాఫా ఎలియాక్ తన యూరి తొమ్మిదివందల యేండ్ల చరిత్రను ఒక బృహద్గ్రంథముగ రచించి 1998లో ప్రకటించెను. ఆమె 2016లో పరమపదించినది. గోపురము నిలిచియున్నది.

ఇప్పుడు మేము పైని జ్ఞప్తియందుంచుకొనుడని కోరిన సంగతికి వత్తము. ఈ 6,000 పటములు ఎట్లు మిగిలినవి? ఊరిలో పదిలపరచినవి పోయినవి. ఊరు దాటించి పంచిపెట్టినవి చాలవరకు మిగిలినవి. అద్దపు బీరువాలో తాళమువేసికొన్న చిత్రము ఇంటితోపాటు పోయినది. పినతల్లికి తపాలాలో పంపిన ప్రతి బ్రదికినది. ధనమును దాచినవానికి ధనము మిగులవచ్చును; జ్ఞాపకమును దాచినవానికి అది మిగులదు, పంచినవానికే మిగులును. విద్యనుగూర్చి మన పెద్దలు చెప్పిన మాట పటమునకును వర్తించునని మాకు తోచుచున్నది.

దీనికి ప్రక్కన మరియొక ఉదాహరణము చూపుదుము. వార్సా నగరపు యూదుల వాడలో ఎమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ అను చరిత్రకారుడు ఉండెను. నిర్బంధములో నున్న ప్రజలకు అన్నవస్త్రములు సమకూర్చు సంఘములలో పనిచేయుచునే, సహచరులతో కలిసి రహస్యముగా దినచర్యలు, ప్రకటనలు, ఉత్తరములు, కొన్ని ఛాయాచిత్రములు సేకరించెను. వానిని రేకుపెట్టెలలోను, పాలబిందెలలోను పెట్టి నేలలో పాతించెను. 1944లో అతడును, భార్యయు, కుమారుడును చంపబడిరి. యుద్ధానంతరము 1946లో రేకుపెట్టెలును, 1950లో పాలబిందెలును త్రవ్వి తీయగా సుమారు 35,000 పుటల సామగ్రి లభించినది. రేకుపెట్టెలలో నీరుచేరి కాగితములు తడిసియుండెను. మూడవచోట పాతినది దొరకలేదు. అంతటి ధీరుడు, అంతటి జాగ్రత్తపరుడు దాచినదియే యొక భాగము పోయినది. అతనికి పంచుటకు వీలులేదు గనుక పాతిపెట్టెను. ప్రాణమునకు తెగించి చేసిన పని యది. పంచుకొనుటకు సకలసౌకర్యములుండియు పంచుకొనని మనకు ఏమి సమాధానము గలదు?

పటము చేరినంతమాత్రమున పని తీరదు. పేరు చేరవలెను. యాఫా ఎలియాక్ చేసిన శ్రమలో పెద్దభాగము ఇదియే. ఒక్కొక్క చిత్రమును పలువురికి చూపి, ఎడమనుండి మొదటివారెవరు, ఎవరి బిడ్డ, ఏమైరి అని విచారించి వ్రాయవలసివచ్చెను. ఆ వ్రాతలను చదివిన హృదయము ద్రవింపక మానదు. ఒకే బల్లమీద కూర్చున్న స్నేహితులలో ఒకరు పాలస్తీనాకు వలసపోయిరని, ఒకరు అమెరికాకు పోయిరని, తక్కినవారు 1941 సెప్టెంబరున హతులైరని వ్రాసియుండును. చిత్రము తీసిననాడు ఆ ముగ్గురి నడుమ జానెడు దూరము మాత్రమే యున్నది!

ఇందుకొక ఆక్షేపణ గలదు. దానిని దాచుట న్యాయము గాదు. చిత్రశాలకు పోయినవాడు మంచి బట్టలు కట్టుకొని పోవును. అప్పులు, కొట్లాటలు, ఆకలి పటములో పడవు. పటము తీయించుకొనుటకు స్తోమతులేని బీదవాని ముఖము గోపురమున తక్కువగనే యుండును. కావున ఈ చిత్రములు ఊరిని ఉన్నదానికంటె అందముగా చూపుననుట నిజమే. అయినను దీనికి మేము రెండు మాటలు చెప్పుదుము. తాము ఎట్లు కనబడవలెనని కోరుకొనిరో అదియు వారి చరిత్రలో భాగమే. మరియు, ఆ యూదుల వాడలనుగూర్చి లోకమెరిగిన ప్రసిద్ధచిత్రములలో పెక్కు వారిని చంపినవారు తీసినవి. చేతులెత్తి నిలిచిన శిశువును, కృశించిన వృద్ధుని ఆ చిత్రములలో చూతుము. కాట్స్ దంపతుల యెదుట మాత్రము వారు తమ యిష్టముతో, తమ పేరుతో, తల పైకెత్తుకొని కూర్చుండిరి.

భారతీయులకు ఈ భేదము తెలియనిది గాదు. 1868 మొదలు 1875 వరకు బ్రిటిషు ప్రభుత్వపు ప్రాపున భారతదేశ జనులనుగూర్చి ఎనిమిది సంపుటముల ఛాయాచిత్రగ్రంథము వెలువడినది. అందు మనవారిని ఎక్కువగా కులముపేర, తెగపేర వర్గీకరించి, మ్యూజియములోని వస్తువులవలె చూపిరి. ఒకడు మనుష్యుడుగా గాక నమూనాగా నిలువవలసివచ్చినది. పరుల చేతిలో మన చిత్రమున్నపుడు మన పేరు పోవును. ఇంటివారు తీయించిన చిత్రమున కూడ పేరు వ్రాయనిచో ఆ పరుల పనిని మనమే పూర్తిచేసినవారమగుదుము.

లిథువేనియా నేలలో పుట్టిన మరియొక యూదుని మూలమున ఈ కథకు మన స్వాతంత్ర్యచరిత్రతో సంబంధమున్నది. దక్షిణాఫ్రికాలో గాంధీమహాత్మునకు ఆంతరంగిక మిత్రుడై, 1910లో టాల్‌స్టాయ్ క్షేత్రమునకు 1,100 ఎకరముల భూమి నిచ్చిన హెర్మన్ కాలెన్‌బాక్ జన్మించినది ఆ దేశముననే. ఆయన 1945లో మరణించెను. గాంధీజీ లేఖలు, పత్రములు, ఛాయాచిత్రములు ఆయన సోదరసంతతివారి చేతికి వచ్చి, ఇజ్రాయెలు దేశపు హైఫా నగరమున ఒక గృహములో దశాబ్దములపాటు భద్రముగా నుండెను. 2012లో అవి లండను నగరమున వేలమునకు రాగా, భారతప్రభుత్వము ముందుగనే సుమారు 13 లక్షల డాలర్లకు కొని ఢిల్లీలోని జాతీయ అభిలేఖాలయమున చేర్చినది. ఆ సత్యాగ్రహమున, 1913 నాటి నాటాల్ సమ్మెలో, కష్టములకోర్చిన కూలీజనములో తెలుగువారును గలరు. అనగా మనవారి పోరాటమునకు చెందిన సాక్ష్యమును కొంత ఒక యూదు కుటుంబము తన సొంత సొమ్మువలె కాపాడి మనకందించినది. ఇతరుల జ్ఞాపకమును మనమును అట్లే గౌరవింపవలసిన ఋణము మనపై లేదా?

ఇక కార్యభాగము. వెనుకటి నలుపుతెలుపు పటములు పెక్కింటిలో చిత్రమనగా, జంతువుల తోళ్లు ఎముకలనుండి తీసిన జిగురుపొరలో నిలిచియున్న వెండిరేణువులు. గాలిలోని తేమ తగిలిన ఆ జిగురు ఉబ్బును. బూజునకు, పురుగునకు ఆహారమగును. అందుచేత శీతలదేశములకంటె మన కోస్తా ఊళ్లలో పటమునకు ఆయుర్దాయము తక్కువ. గాలిలో తేమ నూటికి 30 మొదలు 50 వంతుల నడుమ నుండుట మేలని నిపుణులు చెప్పుదురు. సామాన్యగృహములలో అది సాధ్యము కాకున్నను, వానకు చెమ్మగిల్లు గోడకు, వంటయింటి పొగకు, సూటియెండకు పటమును దూరముగా నుంచుట సాధ్యమే. అద్దమునకు పటమును నేరుగా ఆనించి బిగించినచో తేమకు జిగురుపొర అద్దమునకు అంటుకొనును. లాగినచో ముఖము ఊడివచ్చును. నడుమ అట్టచట్రము పెట్టించి కొంత యెడముంచవలెను. పెద్దల పటములకు బొట్టుపెట్టి ధూపము వేయుట మన సంప్రదాయము. అది మానవలసిన పనిలేదు. అయితే పూజకు ఒక ప్రతిని చేయించి గోడకు తగిలించి, అసలు పటమును వేరుగ దాచుట వివేకము.

జిగురు పూసిన పుటలతో, పైన పలుచని పొరతో వచ్చు చవుక ఆల్బములు పటములకు శత్రువులు. కొన్ని ప్లాస్టిక్ సంచులు కాలక్రమమున ఆమ్లమును వెలువరించును. ఆమ్లములేని కాగితపు కవరు ఉత్తమము. పటము వెనుక సిరాతోగాని, గట్టిమొన గల కలముతోగాని వ్రాయరాదు. మెత్తని పెన్సిలుతో అంచున తేలికగా వ్రాయవలెను. నున్నని వెనుకభాగము గల క్రొత్తరకపు పటములకు పెన్సిలు పట్టదు గనుక కవరుమీదనే వ్రాయుట మంచిది. నేడు యంత్రసహాయమున పటమునకు ప్రతిబింబము తీసి లిప్తలో దేశాంతరమునకు పంపవచ్చును. అట్లు తీయునపుడు ముందుభాగమునే గాక వెనుకభాగమును కూడ తీయవలెను. వెనుకనున్న నాలుగక్షరములే పలుమారులు చరిత్ర. ప్రతిని ఒక్క యంత్రములో నుంచి నిశ్చింతగా నుండుట, పూర్వము ఒక్క పెట్టెలో నుంచి నిశ్చింతగా నుండుటవంటిదే.

మా యింట కూడ ఒక పటమున్నది. ఒక పాఠశాల యెదుట ఇరువదిమంది నిలిచియున్నారు. మా తండ్రిగారిని మేము గుర్తింతుము. ఆయన భుజముపై చేయివేసి నవ్వుచున్న యువకుడెవరో మాకు తెలియదు. తండ్రిగారు బ్రదికియున్నపుడు ఆ పటము ప్రతిదినము మా కన్నులయెదుటనే యుండెను; అడుగుటకు ఒక నిమిషము చాలును; అడుగలేదు. ఆ నవ్వుచున్నవానికిని బిడ్డలుందురు. వారింట ఇట్టి పటము లేకపోవచ్చును. మా యింటనున్నది తమ తండ్రి ముఖమని వారెరుగరు, వారెవరో మేమెరుగము. ఏ శత్రువు దండెత్తిరాకయే, ఏ యిల్లు కాలకయే, మా యజాగ్రత్తచేతనే ఒక మనుష్యుడు పేరులేనివాడయ్యెను.

ఐషిషోక్ వారికి కాలము రెండు దినములే యిచ్చెను. మనకు ఇంకను కొంత గడువున్నది. ఈ ఆదివారము మధ్యాహ్నము పెట్టె దింపుడు. ఇంటిలో అందరికంటె పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కొక్క పటమును చేతికిచ్చి అడుగుడు: ఎవరు, ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏ సంవత్సరము? సొంతవారి పేర్లతో తృప్తిపడక, మూలనిలిచిన పాలేరు పేరు, బిడ్డనెత్తుకొన్న దాది పేరు కూడ అడిగి వ్రాయుడు. పిమ్మట ప్రతులుచేయించి, పంపకములో వేరుపడిన అన్నదమ్ములకును, అత్తవారింటికి పోయిన ఆడపడుచులకును, దేశాంతరమున నున్న బిడ్డలకును పంపుడు. పొలము పంచినకొలది తరుగును. పటము పంచినకొలది నిలుచును.